పొడుగు ఇంగ్లీషు మాటను విరవడం, నొక్కు ఎక్కడ పడుతుందో పట్టుకోవడం

చీమకుర్తి రాయి పేరు దేశాలు దాటి పోయింది. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరిసే ఆ బ్లాక్ గెలాక్సీని మనమంతా 'గ్రానైట్' అంటాం. ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే ఆ మాట 'గ్ర్యానిట్' అని ఉంటుంది. స్పెల్లింగు చివర ఐ, టీ, ఈ కనబడుతుంటే 'ఐట్' ఎందుకు కాలేదు? బరువంతా మొదటి ముక్క మీద పడింది. బరువు లేని ముక్కలో అచ్చు కుదించుకుపోవడం ఇంగ్లీషుకు అలవాటు. అందుకే రెండో ముక్కలో పొట్టి 'ఇ' మాత్రం మిగిలింది. తెలుగులో మాట్లాడుతూ గ్రానైట్ అంటే తప్పేం లేదు, అది ఎప్పుడో మన మాట అయిపోయింది. రాయి కొనడానికి వచ్చిన విదేశీయుడితో ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మాత్రం ఆ మాట వాడికి ఒక్కసారికే అందాలి. దానికి రెండు తెలియాలి: మాటలో ఎన్ని సిలబుల్స్ (పలికే ముక్కలు) ఉన్నాయి, వాటిలో నొక్కు (స్ట్రెస్) దేనిమీద పడుతుంది.

ఒక సంగతి ముందే చెప్పాలి. నొక్కాల్సిన ముక్కను నొక్కడం సగం పనే. మిగతా ముక్కలను సడలించడం రెండో సగం. మన పిల్లలు ఎక్కువమంది మొదటి సగం నేర్చుకుని అక్కడే ఆగిపోతారు. అన్ని ముక్కలూ సమానంగా, స్పష్టంగా పలికి, ఒకదాన్ని మాత్రం ఇంకాస్త గట్టిగా అరుస్తారు. వినేవాళ్లకు అది స్ట్రెస్‌లా వినిపించదు, కోపంలా వినిపిస్తుంది.

ఈ వ్యాసంలో ముక్కల మధ్య అడ్డగీత పెడుతున్నాం. నొక్కు పడే ముక్కకు ముందు, పైన చిన్న నిలువు గీత ఉంటుంది, ఇలా: క-'లెక్-టర్. ఇంటర్ విద్యార్థులకు ఈ గుర్తు అలవాటే. గీత లేని ముక్కల్లో 'అ' కనబడితే అది మన 'అమ్మ'లో అ కాదు. నోరు సరిగా తెరవకుండా, పెదవులూ నాలుకా ఊరికే వదిలేసి పలికే నీరసమైన అ. నిఘంటువులో దీన్ని తలకిందులు చేసిన ఇంగ్లీషు చిన్న 'e' అక్షరంలాంటి గుర్తుతో చూపిస్తారు, దాని పేరు ష్వా. ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే అచ్చు ఇదే.

లెక్క దగ్గర మొదలుపెడదాం

సిలబుల్ అంటే ఒక అచ్చు ధ్వని చుట్టూ చేరిన ముక్క. మాటలో ఎన్ని అచ్చు ధ్వనులు పలుకుతాయో అన్ని సిలబుల్స్. ఇక్కడ ధ్వని అన్న మాట ముఖ్యం. రాతలో ఇంగ్లీషు అచ్చులు అయిదే, బ్రిటిష్ పలుకుబడిలో అచ్చు ధ్వనులు మాత్రం 20. హల్లుల ధ్వనులు 24. అంటే 26 అక్షరాలు 44 ధ్వనుల బరువు మోస్తున్నాయి. అందుకే కాగితం మీద అచ్చులు లెక్కపెట్టినవాడికి జవాబు తప్పుతుంది.

తెలుగువాడికి ఈ లెక్క కొత్తేమీ కాదు. పదో తరగతిలో పద్యానికి గణవిభజన చేశాం కదా! ఉత్పలమాలకు భ ర న భ భ ర వ, పాదానికి 20 అక్షరాలు అని వేళ్లమీద లెక్కపెట్టినవాళ్లం. తిక్కన పుట్టి పెరిగిన నెల్లూరు సీమలో ఏ బడికి వెళ్లినా పిల్లలు గురువు, లఘువు గుర్తులు పెట్టేస్తారు. ఛందస్సులో 'అక్షరం' అన్నది దాదాపుగా ఇంగ్లీషు సిలబులే. కలెక్టర్ అన్న మాటకు గణవిభజన చేస్తే క లఘువు, లెక్ గురువు, టర్ గురువు. మూడు అక్షరాలు, ఇంగ్లీషులోనూ మూడే సిలబుల్స్.

లెక్కలో తేడా వచ్చేది మరోచోట. తెలుగు అజంత భాష, మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. అందుకే ఇంగ్లీషు మాట చివర 'ఉ' అంటించకపోతే మనకు తృప్తిగా ఉండదు. బస్ ఒక సిలబుల్, 'బస్సు' రెండు. ఇంజనీర్ మూడు, 'ఇంజనీరు' నాలుగు. చివరి ఉత్వాన్ని కొట్టేశాకే లెక్క మొదలుపెట్టాలి. రెండోది, మాట మొదట్లో స తర్వాత ఇంకో హల్లు వస్తే ముందు 'ఇ' దూరుతుంది: ఇస్కూలు, ఇస్టేషను. ఆ 'ఇ' కూడా తీసేయాలి, స్కూల్ ఒక్క సిలబులే. మూడోది, మధ్యలో దూరే అచ్చు. ఫిల్మ్ అన్న మాటలో లకు మకు మధ్య ఏమీ లేదు, ఒకటే సిలబుల్. మనం 'ఫిలిం' అని రెండు చేస్తాం.

ఇవి మనం కలిపేవి. ఇంగ్లీషువాళ్లు మింగేసేవి ఇంకా ఉన్నాయి, పరీక్షలో ఎక్కువ మార్కులు పోయేది అక్కడే. వెజిటబుల్ రాతలో నాలుగులా కనబడుతుంది, పలుకులో మూడే: 'వెజ్-ట-బ్‌ల్. కంఫర్టబుల్ మూడు: 'కంఫ్-ట-బ్‌ల్. ఇంట్రెస్టింగ్ మూడు: 'ఇన్-ట్ర-స్టింగ్. టెంపరేచర్ మామూలుగా మూడు: 'టెం-ప్ర-చర్. చాక్లెట్ రెండు, బిజినెస్ రెండు, డిఫరెంట్ రెండు. వెన్స్‌డే రాతలో అన్ని అక్షరాలున్నా పలుకులో రెండు. ఈ మాటల్ని విడిగా ఒక కాగితం మీద రాసుకుని కంఠతా పట్టడమే మార్గం, దీనికి నియమం వెతకడం దండగ.

చివర 'ఈడీ' చేరే మాటలకు మాత్రం గట్టి నియమం ఉంది. మూల క్రియ చివర ట ధ్వని గానీ డ ధ్వని గానీ ఉంటేనే ఈడీ కొత్త సిలబుల్ అవుతుంది: వాంటెడ్ రెండు, నీడెడ్ రెండు. ఇంకే ధ్వని ఉన్నా కొత్త సిలబుల్ రాదు. ఆస్క్‌ట్, వాష్‌ట్, క్లీన్‌డ్ అన్నీ ఒక్కొక్క సిలబులే. 'వాషెడ్', 'ఆస్కెడ్' అని పలకడం మన తరగతుల్లో రోజూ వినిపించే తప్పు. బహువచనానికీ ఇలాంటిదే ఉంది: స, జ, ష, చ లాంటి ఊదే ధ్వనుల తర్వాతే ఒక సిలబుల్ పెరుగుతుంది. బాక్సెస్ రెండు, వాచెస్ రెండు, బుక్స్ ఒకటి.

ఇక బాటిల్, టేబుల్, లిటిల్, బటన్ లాంటివి. చివర్లో అచ్చు దాదాపు వినిపించదు, ల గానీ న గానీ తానే అచ్చు పని చేస్తుంది. ఇవన్నీ రెండేసి సిలబుల్స్. రిథమ్ కూడా రెండే. రాతలో దానికి అయిదు అచ్చు అక్షరాల్లో ఒక్కటీ లేదు, అయినా రెండు సిలబుల్స్.

లెక్క మీద అనుమానం వస్తే గడ్డం కింద అరచెయ్యి వెనక్కి తిప్పి ఆనించండి. మాటను మామూలు వేగంతో పలకండి. దవడ ఎన్నిసార్లు కిందికి వచ్చి చేతికి తగిలితే దాదాపు అన్ని సిలబుల్స్. దాదాపు అని ఎందుకన్నామంటే బలహీనమైన ముక్కల దగ్గర దవడ చాలా కొద్దిగా కదులుతుంది. నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా పలికితే లేని సిలబుల్స్ పుట్టుకొస్తాయి కాబట్టి మామూలు వేగం తప్పనిసరి.

విరవడం

ఎన్ని ముక్కలో తెలిశాక ఎక్కడ విరవాలన్నది అంత పెద్ద సమస్య కాదు. నిజానికి రెండు మంచి నిఘంటువులే ఒక్కోసారి ఒకే మాటను రెండు చోట్ల విరుస్తాయి. ఒక హల్లు ముందు ముక్కకు చెందిందా, వెనక ముక్కకా అని గంటలు వాదించుకోనక్కర్లేదు. లెక్క, నొక్కు సరిగా ఉంటే చాలు.

అయినా చెయ్యి తిరగడానికి ఒక వరస పాటించండి. ముందు మాటకు అతికించిన తలా తోకా కోసేయండి. అనెంప్లాయ్‌మెంట్‌లో ముందు 'అన్', వెనక 'మెంట్' తీసేస్తే ఎంప్లాయ్ మిగులుతుంది. దాన్ని విరిస్తే అన్-ఎం-'ప్లాయ్-మెంట్, మొత్తం నాలుగు. తర్వాత రెండు అచ్చుల మధ్య ఒకే హల్లు ఉంటే దాన్ని వెనక ముక్కకు ఇవ్వండి: హో-'టెల్, 'పే-పర్. రెండు హల్లులుంటే మధ్యకు విరవండి: 'డాక్-టర్, 'విన్-టర్. ఆ హల్లులన్నీ కలిసి ఇంగ్లీషు మాట మొదట్లో రాగలిగిన గుంపు అయితే (ట్ర, ప్ల, స్ట్ర లాంటివి) విడదీయకుండా వెనక్కి పంపండి: 'ఇన్-డ-స్ట్రి. చివర 'షన్' అని పలికే టీఐఓఎన్‌ను ఎప్పుడూ ఒకే ముక్కగా ఉంచండి. టి ఒక పక్కా, అయాన్ ఒక పక్కా అని విడదీస్తే లెక్క పెరిగిపోతుంది.

రాతలో రెండేసి హల్లులు కనబడే మాటల దగ్గర జాగ్రత్త. సమ్మర్, లెటర్, హ్యాపీ స్పెల్లింగులో మ, ట, ప జంటగా ఉంటాయి. మనకు ద్విత్వం అలవాటు కాబట్టి 'సమ్మర్', 'హ్యాప్పీ' అని ఒత్తుతాం. ఇంగ్లీషులో ఆ జంటకు ఒకే ధ్వని: 'స-మర్, 'హ్యా-పి. ద్విత్వం పలికితే మాట ఇంగ్లీషులా వినిపించదు.

ఇంకో చిక్కు కూడా తెలిసి ఉండాలి. మెరియం వెబ్‌స్టర్ లాంటి అమెరికన్ నిఘంటువులు మాట మధ్యలో చుక్కలు పెడతాయి. అవి ముద్రణలో పంక్తి చివర మాటను ఎక్కడ విరవచ్చో చెప్పే చుక్కలు. పలుకులో ముక్కలు అక్కడే విరుగుతాయని అవి హామీ ఇవ్వవు. పలుకు కావాలంటే పక్కనే ఉన్న ధ్వని లిపి చూడాలి.

నొక్కు అంటే ఏమిటి

నొక్కు అనగానే గొంతు పెంచడమనుకుంటాం. నాలుగు పనులు కలిస్తేనే అది నొక్కు. ఆ ముక్క కొంచెం సాగుతుంది, కొంచెం బిగ్గరగా ఉంటుంది, స్వరం కొంచెం పైకి లేస్తుంది, అందులో అచ్చు నిండుగా, స్పష్టంగా పలుకుతుంది. మిగతా ముక్కలు పొట్టివై, చాలాచోట్ల వాటి అచ్చు నీరసమైన అ గానో పొట్టి ఇ గానో మారుతుంది. బనానాలో మూడు 'ఏ' అక్షరాలున్నాయి, నిండుగా పలికేది మధ్యది ఒక్కటే: బ-'నా-న.

ఛందస్సు మనకు లెక్కలో సాయపడింది గానీ ఇక్కడ దారి తప్పిస్తుంది. గురువు, లఘువు అనేవి కాలం కొలత. పద్యంలో రెండు గురువులు పక్కపక్కన వచ్చినా రెండూ సమానమే. ఇంగ్లీషు నొక్కు కొలత వేరు, మాటకు ప్రధానమైన నొక్కు ఒక్కటే ఉంటుంది. కలెక్టర్‌లో గణవిభజన ప్రకారం లెక్, టర్ రెండూ గురువులే. ఇంగ్లీషులో లెక్ రాజు, టర్ సేవకుడు. తెలుగు చెవి దీర్ఘం ఎక్కడుంటే అక్కడ బరువు వేస్తుంది, సంయుక్తాక్షరం ముందు బరువు వేస్తుంది. హోటల్‌లో 'హో' దీర్ఘం కాబట్టి మనం మొదట్లో నొక్కుతాం, ఇంగ్లీషు వాడు హో-'టెల్ అంటాడు. పోలీస్ కూడా అంతే, ప-'లీస్. డెవలప్ అన్నప్పుడు మనకు మొదటి ముక్క నోటికి వస్తుంది. సరైనది డి-'వె-లప్, డి-'వె-లప్-మెంట్. డిటర్మిన్ డి-'టర్-మిన్, చివర 'మైన్' లేదు.

చోటు చెప్పే తోకలు

పొడుగు మాటల్లో నొక్కును మాట తోకే చెబుతుంది. ఇది తెలిస్తే వందల మాటలు ఒక్కసారిగా చేతికి వస్తాయి కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

'షన్'తో ముగిసే మాటల్లో నొక్కు దానికి ముందు ముక్క మీద. రె-జి-'స్ట్రే-షన్, అ-ప్లి-'కే-షన్, ఎగ్-జ్యా-మి-'నే-షన్. ప్రొనన్సియేషన్ అయిదు ముక్కలు, నొక్కు నాలుగో దానిమీద: ప్ర-నన్-సి-'యే-షన్. ప్రొనౌన్స్‌లో 'నౌ' ఉంది కదా అని ఇక్కడ 'ప్రొనౌన్సియేషన్' అంటారు, స్పెల్లింగులోనే అది లేదు. తోక 'జన్' అని పలికినా ఇదే పద్ధతి: డి-'సి-జన్. టెలివిజన్ మాత్రం మాట వినదు, నొక్కు మొదట్లోనే: 'టె-లి-వి-జన్.

'ఇక్' తోకకు కూడా నొక్కు ముందు ముక్క మీదే. మి-'క్యా-నిక్, ఇ-'లెక్-ట్రిక్, ఎ-క-'నా-మిక్. దీనికి ఎదురు తిరిగేవి కొన్ని ఉన్నాయి: 'పా-లి-టిక్స్, అ-'రిత్-మ-టిక్, 'అ-ర-బిక్, 'లూ-న-టిక్. వేళ్లమీద లెక్కపెట్టదగినన్నే కాబట్టి గుర్తుంచుకోవచ్చు. 'ఇకల్' అయితే చివరినుంచి మూడో ముక్క: మి-'క్యా-ని-కల్, ప-'లి-టి-కల్. 'ఇయన్', 'షన్' అని పలికే ఐఏఎన్ తోకకూ ముందు ముక్కే: ఇ-లెక్-'ట్రి-షన్, పా-లి-'టి-షన్.

'ఇటీ', 'లజీ', 'గ్రఫీ' తోకలు చివరినుంచి మూడో ముక్కను ఎత్తిపట్టుకుంటాయి. యూ-ని-'వర్-సి-టి, ఇ-లెక్-'ట్రి-సి-టి, బై-'యా-ల-జి, జి-'యా-గ్ర-ఫి. మూడు అంతకన్నా ఎక్కువ ముక్కలున్న 'ఏట్', 'ఫై' క్రియలకూ ఇదే: క-'మ్యూ-ని-కేట్, 'క్వా-లి-ఫై, ఐ-'డెన్-టి-ఫై. ఏట్ తోక క్రియలో మాత్రమే 'ఏట్' అని నిండుగా పలుకుతుంది. అదే మాట నామవాచకమైతే 'అట్' అని కుంగిపోతుంది. గ్రాడ్యుయేట్ అయ్యాడు అన్న క్రియలో 'గ్రా-జు-వేట్, అతనొక గ్రాడ్యుయేట్ అన్నప్పుడు 'గ్రా-జు-వట్. సర్టిఫికెట్ నామవాచకం కాబట్టి స-'టి-ఫి-కట్. మనం ఆ మాటలో చివరి ముక్కను గట్టిగా నొక్కుతాం, అసలు బరువు 'టి' మీద ఉంది.

తన మీద తానే నొక్కు వేసుకునే తోకలు కొన్ని. ఇంజనీర్, వలంటీర్, కెరీర్ మాటల్లోని 'ఈర్': ఎన్-జి-'నీర్, వా-లన్-'టీర్, క-'రీర్. గ్యారంటీలోని రెండు ఈలు: గ్యా-రన్-'టీ. జాపనీస్‌లోని 'ఈస్', సిగరెట్‌లోని 'ఎట్', టెక్నిక్‌లోని 'ఈక్': టెక్-'నీక్. ఈ గుంపులో కమిటీ, కాఫీ చేరవు. క-'మి-టి అన్నప్పుడు నొక్కు మధ్యలో, కాఫీకి మొదట్లో.

దేన్నీ కదిలించని తోకలు చాలా ఉన్నాయి: మెంట్, నెస్, ఫుల్, లెస్, లీ, ఇంగ్, షిప్, హుడ్. మూల మాటలో నొక్కు ఎక్కడుంటే అక్కడే ఉంచండి. మ్యా-'నే-జర్ లాంటి తప్పు పలుకు వినిపిస్తే మూలం గుర్తుచేసుకోవాలి: 'మ్యా-నిజ్, 'మ్యా-ని-జర్, 'మ్యా-నిజ్-మెంట్. మెయింటెయిన్‌కు చివర నొక్కు ఉన్నా మెయింటెనెన్స్‌లో అది మొదటికి వస్తుంది, అచ్చు కూడా మారుతుంది: 'మెయిన్-ట-నన్స్. దాన్ని మాత్రం విడిగా పట్టుకోండి.

తోక మారితే నొక్కు ఎలా జరుగుతుందో ఒక్క కుటుంబంలో చూడండి. ఊళ్లో ప్రతి స్టూడియో బోర్డు మీదా ఉండే మాటే. ఫోటోగ్రాఫ్ 'ఫో-ట-గ్రాఫ్. అది తీసే మనిషి ఫ-'టా-గ్ర-ఫర్. ఆ విద్య ఫ-'టా-గ్ర-ఫి. దాని విశేషణం ఫో-ట-'గ్రా-ఫిక్. నొక్కు మొదటి ముక్క నుంచి రెండుకు, అక్కడినుంచి మూడుకు నడిచింది. ఫోటోగ్రాఫర్, ఫోటోగ్రఫీల్లో నొక్కు వదిలిపోయిన మొదటి ముక్కలో నిండు 'ఓ' కాస్తా నీరసమైన 'అ' అయింది. ఫోటోగ్రాఫర్‌లో రెండు ఓలనూ నిండుగా పలికితే నొక్కు ఎక్కడ వేసినా మాట తప్పుగానే వినబడుతుంది. ఈ నాలుగు మాటలను వరసగా రోజుకు పదిసార్లు అంటే నొక్కు జరగడం నోటికి అర్థమవుతుంది.

మన పనుల్లో రోజూ దొర్లే మాటలు కొన్ని ఇక్కడే రాసి పెడుతున్నాం. ఒంగోలు వేలం కేంద్రాల్లో పొగాకు: ట-'బ్యా-కో. జామాయిల్ తోటలు: యూ-క-'లిప్-టస్. సోమశిల, కండలేరు జలాశయాలు: 'రె-జ-వ్వా, మూడే ముక్కలు, చివర 'ర్' బ్రిటిష్ పలుకులో వినబడదు. వ్యవసాయం: 'అ-గ్రి-కల్-చర్, దాని విశేషణం అ-గ్రి-'కల్-చ-రల్. రొయ్యల చెరువుల సాగు: 'ఆ-క్వ-కల్-చర్.

రెండు ముక్కల మాటలు

పొట్టి మాటలకు తోక సాయం ఉండదు. ఎక్కువ నామవాచకాలకు, విశేషణాలకు మొదటి ముక్క మీద, చాలా క్రియలకు రెండో ముక్క మీద అన్నది ఉజ్జాయింపు సూత్రం. ఒకే స్పెల్లింగు రెండు పనులూ చేసే మాటల్లో ఇది బాగా కనిపిస్తుంది. రొయ్యల 'ఎక్స్-పోర్ట్ పెరిగింది అన్నప్పుడు నామవాచకం, మేం రొయ్యలు ఇక్-'స్పోర్ట్ చేస్తాం అన్నప్పుడు క్రియ. 'రె-కార్డ్ పుస్తకం, రి-'కార్డ్ చేయడం. 'ప్రో-గ్రెస్ కార్డు, ప్ర-'గ్రెస్ కావడం. 'పర్-మిట్ కాగితం, పర్-'మిట్ చేయడం. ఈ సూత్రాన్ని అన్నిటికీ రుద్దకండి. రిపోర్ట్, రిజల్ట్, కంట్రోల్ రెండు పనుల్లోనూ రెండో ముక్కనే నొక్కుతాయి. విజిట్, ఆన్సర్ రెండింటిలోనూ మొదటిదే.

రెండు మాటలు అతికి ఒక వస్తువు పేరైతే నొక్కు మొదటి మాటకు పోతుంది. 'బ్లాక్‌బోర్డ్ బడిలో ఉండేది. నల్లటి ఏదో ఒక చెక్క అని చెప్పాలంటే రెండో మాటను కూడా నొక్కాలి. 'పోస్ట్ ఆఫీస్, 'బస్ స్టాండ్ కూడా మొదటి పద్ధతే.

ఒక పొడుగు మాటను చేతపట్టి

రెస్పాన్సిబిలిటీ తీసుకుందాం. ఇంటర్వ్యూల్లో తప్పకుండా వచ్చే మాట, సగంమంది మధ్యలో తడబడే మాట. ముందు తోక చూడండి: 'ఇటీ'. అంటే చివరినుంచి మూడో ముక్క. వెనకనుంచి లెక్కపెట్టండి: టి ఒకటి, లి రెండు, బి మూడు. నొక్కు 'బి' మీద. ఇప్పుడు ముందు భాగం: రి, స్పాన్, సి. మొత్తం ఆరు ముక్కలు: రి-స్పాన్-సి-'బి-లి-టి.

ప్రధాన నొక్కుకు ముందు రెండు మూడు ముక్కలుంటే వాటిలో ఒకదానికి చిన్న నొక్కు కూడా ఉంటుంది, లేకపోతే అంత దూరం నడక సాగదు. ఇక్కడ అది 'స్పాన్' మీద. నిఘంటువులో చిన్న నొక్కుకు నిలువు గీతను కిందివైపు పెడతారు. సాధారణంగా చిన్న నొక్కు, పెద్ద నొక్కు పక్కపక్కన రావు, మధ్యలో ఒక బలహీనమైన ముక్క ఉంటుంది. ఇక్కడ ఆ పని 'సి' చేస్తుంది.

పలకడం వెనకనుంచి మొదలుపెట్టండి. 'బి-లి-టి అని మూడుసార్లు. సి-'బి-లి-టి మూడుసార్లు. స్పాన్-సి-'బి-లి-టి. చివరగా మొత్తం మాట. ముందునుంచి పలుకుతూ పోతే పొడుగు మాటలో అసలు నొక్కు వచ్చేసరికి ఊపిరీ, ధ్యాసా రెండూ అయిపోతాయి. వెనకనుంచి కడితే ప్రతిసారీ తెలిసిన భాగంలోకి దిగుతాం, నాలుక తడబడదు. క్వాలిఫికేషన్ కూడా ఇలాగే: 'కే-షన్, ఫి-'కే-షన్, లి-ఫి-'కే-షన్, క్వా-లి-ఫి-'కే-షన్.

తరగతిలో అయితే ఒక రబ్బరు బ్యాండు చాలు. రెండు బొటనవేళ్లకు తగిలించి, నొక్కు ముక్క వచ్చినప్పుడు మాత్రమే సాగదీయమనండి, మిగతా ముక్కలకు వదులుగా ఉంచమనండి. ప్రతి ముక్కకూ బ్యాండు సాగుతుంటే ఆ పిల్లవాడు ఇంకా అన్నిటినీ నొక్కుతున్నాడని కంటికే తెలుస్తుంది. చప్పట్లు కొట్టించడం లెక్కకు మంచిదే, నొక్కుకు పనికిరాదు. చప్పట్లన్నీ ఒకే బలంతో పడతాయి, పిల్లలు ముక్కలను కూడా అలాగే పలకడం మొదలుపెడతారు.

పరీక్షలో గుర్తు పెట్టేటప్పుడు గీతను ముక్కకు ముందు పెట్టాలి, అచ్చు నెత్తిన కాదు, ముక్క వెనక కాదు. కొన్ని నిఘంటువుల్లో గుర్తు నొక్కు ముక్క తర్వాత ఉంటుంది, అవి చూసి రాసినవాళ్లకు జవాబు ఒక ముక్క తేడాతో తప్పుతుంది. కొత్త నిఘంటువు చేతికి రాగానే బాగా తెలిసిన ఒక మాట, డాక్టర్ లాంటిది, తీసి గుర్తు ఎటువైపు ఉందో చూసుకోండి. బ్రిటిష్, అమెరికన్ పలుకులు వేరయ్యే మాటలు కూడా ఉన్నాయి. లాబొరేటరీ బ్రిటన్‌లో ల-'బా-ర-ట్రి, అమెరికాలో 'ల్యా-బ్ర-టో-రి. అడ్వర్టైజ్‌మెంట్ బ్రిటన్‌లో అడ్-'వర్-టిస్-మెంట్, అమెరికాలో నొక్కు మూడో ముక్క 'టైజ్' మీద. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానితోనే నడవండి.

అంకెల దగ్గర

పొడుగు మాటలు కాకపోయినా ఇవి వదలడానికి లేదు, ఎందుకంటే ఇక్కడ నొక్కు తప్పితే డబ్బు తప్పుతుంది. థర్టీ, ఫార్టీ, ఫిఫ్టీలకు నొక్కు ఎప్పుడూ మొదటి ముక్క మీద: 'థర్-టి, చివరి 'టి' పొట్టిగా. థర్టీన్, ఫోర్టీన్, ఫిఫ్టీన్ విడిగా అన్నప్పుడు నొక్కు రెండో ముక్క మీద: థర్-'టీన్. రొయ్యల కౌంటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క, ఫోన్‌లో చెప్పేటప్పుడు మనం 'ఫిఫ్టీ' అని రెండో ముక్కను సాగదీస్తే అవతలివాడికి ఫిఫ్టీన్‌లా వినిపిస్తుంది.

ఒక చిక్కుంది. టీన్ అంకె వెనక వెంటనే వస్తువు పేరు వస్తే నొక్కు మొదటికి జరుగుతుంది: 'థర్టీన్ బాక్సెస్. అప్పుడు నొక్కును నమ్ముకుంటే థర్టీకీ థర్టీన్‌కూ తేడా పోతుంది. అక్కడ దీర్ఘమైన 'టీ'నీ, చివరి 'న్'నూ మింగకుండా పూర్తిగా పలకాలి. లైను సరిగా లేకపోతే అంకెను విడివిడిగా ఒకటి, మూడు అని చెప్పి, తర్వాత మొత్తం మాట చెప్పండి.